మడి నిండేదాకా

ఆగస్టు 6, బుధవారం. కోదాడ

ఈ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది. కిటికీ ఉంది, బల్ల ఉంది, తలుపు వేసుకుంటే ఎవరూ పిలవరు. రాయడానికి ఇంతకంటే ఏం కావాలని అందరూ అన్నారు. నేనూ అన్నాను. పొద్దున్నుంచి కూర్చున్నాను. పల్లవి రాలేదు.

చైతన్యకు వారానికో జానపదం రాసిస్తానని ఒప్పుకున్నాను. అతని యూట్యూబ్ ఛానల్‌కు ఈ మధ్యే పేరొచ్చింది. ఆ పేరులో నా పాటకు కొంత భాగం ఉందని అతనే అంటాడు. 'మడి నిండె నీళ్ళొచ్చి, మనసు నిండదాయె పిల్లా' అని బరాతుల్లో ఇప్పటికీ వేస్తున్నారు. ఆ పాట నడిచాకే పొలం దేవదాసన్నకు కౌలుకిచ్చి ఈ గది కిరాయికి తీసుకున్నాను. పొలం పని పెట్టుకుంటే రాతకు టైము ఉండదని. ఇప్పుడు టైము తప్ప ఏమీ లేదు.

రేపు తొందరగా లేవాలి.

ఆగస్టు 8, శుక్రవారం

రాయలేదు. పెన్ను మార్చాను.

ఆగస్టు 11, సోమవారం

చైతన్య ఇడ్లీ పొట్లం పట్టుకొని వచ్చాడు.

"అన్నా, పాట ఏమైంది?"

"నడుస్తున్నది."

"నడుస్తుంటే కనపడాలి కదన్నా." బల్ల మీది కాగితాలు తీసుకొని నిలబడే చదివాడు. "బావ ఉన్నాడు, మరదలుంది, జొన్నచేనుంది. అన్నీ ఉన్నాయిగానీ వీళ్ళిద్దరికీ పెళ్ళయి పదేళ్ళయినట్టుందన్నా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవట్లేదు."

నాకూ నవ్వొచ్చింది.

"ఇట్లాంటివి ఫోన్‌ని అడిగినా రాసిస్తది. నీ దగ్గరికెందుకొచ్చానంటే, నీ పాట కాళ్ళకు బురద ఉంటదన్నా. ఇదేమో చెప్పులేసుకొని నడుస్తోంది."

దసరా లోపల రెండు పాటలు ఇవ్వకపోతే ఇంకొకర్ని చూసుకుంటానని కూడా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. డాన్సర్లు, కెమెరా వాళ్ళు ఆగరు కదా అన్నాడు. అదీ నిజమే.

ఇంకొకర్ని చూసుకుంటే నా సంగతేమిటని రాత్రి ఆలోచించాను. పొలం వదిలేశాను. పాట వదిలేస్తే చేతిలో ఏం లేదు.

ఆగస్టు 17, ఆదివారం. ఊరు

గరిడేపల్లిలో బస్సు దిగి, ఇంటికి పోకుండా పొలం వైపు తిరిగాను. ఎందుకో తెలియదు.

దేవదాసన్న నాట్లు పూర్తయ్యాయి. కాలువ నీళ్ళొచ్చాయి. పై మడికి మడవ తెరిచి, నీళ్ళు పోతుంటే ఒడ్డు మీద తువ్వాల పరుచుకొని కూర్చున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఎప్పుడొచ్చినవ్ తమ్మీ? పాటలెట్లున్నయ్?"

"నడుస్తున్నయన్నా."

"నీ పాట పెడితే మా పోరడు అన్నం తినకుంట ఎగురుతుండు. మా నర్సమ్మ గంటె పట్టుకొని ఉరికిచ్చింది. గా పాట రాసినోణ్ణి గూడ కొట్టాలె అన్నది."

భూమి చౌడు తేలుతోందని, కోతయ్యాక ఎరువుకు మేకల మంద పెట్టిస్తానని చెప్పాడు. తర్వాత ఇద్దరం ఏం మాట్లాడలేదు. నీళ్ళు మట్టిపెళ్ళల మధ్య దారి వెతుక్కుంటూ పోతున్నాయి. కొంగలు దిగాయి. నేను ఏమీ ఆలోచించలేదు, లేదా ఏం ఆలోచించానో గుర్తులేదు. మడి నిండింది. అతను లేచి మడవ మూసి, కింది మడికి తిప్పి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు నా దగ్గర ఒక లైను ఉంది.

ఆగస్టు 19, మంగళవారం

గది ఖాళీ చేశాను. ఫ్యాను మాత్రం మంచిది.

ఆగస్టు 28, గురువారం

పాట అయిపోయింది. ఫోన్‌లో పాడి చైతన్యకు పంపాను. "ఇది కదన్నా పాటంటే" అన్నాడు.

ఒకటి అర్థమైంది. ఇన్నేళ్ళూ పొలం పని చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు పాటలు రాస్తున్నాననుకున్నాను. అది కాదు. నీళ్ళు పెట్టడాన్ని పని అంటారుగానీ అందులో పని కొంచెం. మడవ తెరవాలి, మడి నిండేదాకా ఆగాలి, ఇది మూసి అది తెరవాలి. ఆ ఆగినంతసేపూ ఎటూ పోవడానికి ఉండదు, చేయడానికీ ఏం ఉండదు. కళ్ళు నీళ్ళ మీద ఉంటాయి, మనసు దాని ఇష్టమొచ్చిన చోటికి పోతుంది. ఎప్పటివో మనుషులు, బస్సులో ఎవరో అన్న మాట, మేనత్త నాట్లలో పాడి సగంలో ఆపేసిన ముక్క. అవే ఒకదానికొకటి తగులుకుంటాయి. కాగితం మీద పెట్టడం ఆ తర్వాతి పని. కోదాడ గదిలో నేను ఆ తర్వాతి పనిని ముందు చేయబోయాను.

ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు. మా నాయన బతికుండగా, నేను ఒడ్డు మీద ఇట్లా కూర్చుంటే వెనక నుంచి వచ్చి మట్టిపెళ్ళ విసిరేవాడు. పగటి కలల జమీందారు అని పేరు కూడా పెట్టాడు. ఇప్పుడు పనీపాటా లేకుండా కూర్చోవడమే నా పని అని చెబితే ఊళ్ళో అదే పేరు మళ్ళీ వస్తుంది.

ఈరోజు దేవదాసన్న అడిగాడు. "రోజు వస్తున్నవ్. ఏమన్న పనుందా తమ్మీ?"

సిగ్గనిపించింది. "ఏం లేదన్నా, పైరు సూద్దామని వచ్చిన" అన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా.

సెప్టెంబర్ 9, మంగళవారం

దేవదాసన్నకు కూర్చోవడం చేతకాదు. నేను పోయేసరికి చేతిలో పార ఉంటుంది. చెక్కిన ఒడ్డునే మళ్ళీ చెక్కుతాడు. నాకు కనపడని గడ్డి అతనికి కనపడుతుంది. మడి నిండేదాకా కూడా ఆగడు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంటాడు. కొందరికి పని లేకపోతే తోచదు. ఒక రకంగా అదృష్టవంతులు. నాలాగా ఖాళీ కోసం తిప్పలు పడే అవసరం లేదు.

ఇప్పుడు నన్ను సారు అంటున్నాడు. "పైరు మంచిగనే ఉన్నది సారూ. పొటాషు గూడ ఏసిన" అన్నాడు. నేను అడగలేదు. పాటల వల్ల ఊళ్ళో నలుగురూ సారు అంటున్నారు, అతనూ అంటున్నాడు. వద్దనలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

రెండో పాట ముప్పావు అయింది. పొలంలో సగం, దారిలో పావు.

సెప్టెంబర్ 21, ఆదివారం. సూర్యాపేట

ఫంక్షన్ హాల్లో చైతన్య పాటల కార్యక్రమం పెట్టాడు. కొత్త పాటలు రెండూ పాడారు. రెండోదానికి జనం లేచి నిలబడ్డారు. శాలువా కప్పారు. మైకిచ్చి పాట ఎట్లా పుడుతుందో యువతకు చెప్పమన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి క్రమం తప్పకుండా రాస్తానని, శ్రమకు మించింది లేదని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తుంటే మునగాల దగ్గర దాబాలో ఆగాం. చైతన్య రొట్టె తుంచుతూ అన్నాడు.

"నాలుగింటికి లేస్తావా అన్నా నువ్వు? ఎనిమిదింటికి ఫోన్ చేస్తే మా వదిన ఎత్తి పండుకున్నాడంటది."

"మరి గాడ ఏం చెప్పాలె?"

"ఉన్నదే చెప్పాల్సింది."

ఉన్నది ఏమిటో అతనికీ తెలియదు. పొలంలో ఒడ్డు మీద కూర్చుంటానని చెబితే శాలువా వెనక్కి తీసుకునేవాళ్ళేమో.

సెప్టెంబర్ 30, మంగళవారం

నవనీత అంగన్‌వాడీ నుంచి వచ్చి, అన్నం పెడుతూ అంది.

"నర్సమ్మక్క అడుగుతున్నది. మీ ఆయన పొలం వెనకకు మలుపుకుంటడా అని."

"ఎందుకు మలుపుకుంట?"

"రోజు పొయ్యి గాడ కావలి కూసుంటే ఏమనుకుంటరు? ఒక్కనాడు ఇడిసిపెట్టినవా? కౌలు పెంచుతవో, వేరేటోళ్ళకు ఇస్తవో అని ఇద్దరికీ నిద్ర లేదంట."

"నేను పాట కోసం పోతున్న."

"గది నాకు ఎరుక. వాళ్ళకు ఎరుకేనా?"

"నువ్వు చెప్పు, గట్లాంటిదేం లేదని."

"నేను చెప్తే ఏదో కప్పిపెడుతున్నది అనుకుంటరు. నువ్వే చెప్పు. స్టేజీ మీద గంటసేపు చెప్తవ్ గద నాలుగింటికి లేస్తనని."

వీడియో ఆమె కూడా చూసిందన్నమాట.

రేపు చెప్తాను.

అక్టోబర్ 1, బుధవారం

చెప్పలేదు. కలుపు కూలీలు ఉన్నారు. ఆడవాళ్ళందరి ముందు, నేను ఇక్కడికి కూర్చోవడానికి వస్తున్నానని ఎట్లా చెప్పను.

అక్టోబర్ 6, సోమవారం

చెప్పలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

మూడో పాటకు చరణం దొరకబోతోంది. చివరి తడి పెడుతున్నారు. నీళ్ళ మీద ఎండ పడి కళ్ళు సగం మూతపడ్డాయి. ఒక మాట దగ్గరిదాకా వచ్చి పోతోంది. వానకు తడిసిన పసుపు బట్టల మాట, పెళ్ళికూతురుకూ సంబంధం ఉంది, ఇంకా తేలలేదు.

దేవదాసన్న పార పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, యాసంగి పంటకు గూడ నన్నే చెయ్యమంటవా? ట్రాక్టరోనికి ఇప్పుడే చెప్పుకోవాలె. మంద పెట్టేటోళ్ళకు గూడ చెప్పాలె."

ఆ మాట జారిపోతే మళ్ళీ రాదు. అతని వైపు తిరిగితే జారిపోతుంది.

"సూద్దామన్నా" అన్నాను.

కాసేపు నిలబడ్డాడు. తర్వాత పార తీసుకొని పోయాడు.

మాట దొరికింది. మంచి మాట.

అక్టోబర్ 15, బుధవారం

నిన్న దేవదాసన్నతో ఇంకో నాలుగు ముక్కలు మాట్లాడాల్సింది. పాట హడావిడిలో ఉన్నాను. కోతయ్యాక తీరిగ్గా కూర్చోబెట్టుకొని చెప్తాను.

నవంబర్ 3, సోమవారం

దేవదాసన్న పొలానికి తక్కువగా వస్తున్నాడు. మొన్న ఒక ఒడ్డు తెగితే అట్లాగే వదిలేశాడు. ఒకప్పుడు ఎలుక బొక్క కనపడినా పూడ్చేవాడు. మేకల మంద సంగతేమైందన్నా అని అడిగితే, "ఎవరన్న చేసుకునేటోళ్ళు పెట్టిచ్చుకుంటరు సారూ" అన్నాడు.

అలసిపోయి ఉంటాడు.

నవంబర్ 23, ఆదివారం

కోత మిషన్ వచ్చింది. సాయంత్రానికి వడ్లు రోడ్డు మీద ఆరబోసే పని కూడా లేకుండా ట్రాక్టరెక్కాయి. దేవదాసన్న నా కౌలు బస్తాలు ముందు మా వాకిట్లో దించి, తర్వాతే తన ఇంటి వైపు తిప్పించాడు. అట్లా ఎవరూ చేయరు. ముందు వాళ్ళింటికి పోయి, నాలుగు రోజులు ఆగి తెస్తారు.

"సరిసూసుకో సారూ."

"నువ్వు పోసినంక నేను సూసుకునేదేందన్నా."

"లే. సూసుకోవాలె."

నేను చూసేదాకా కదల్లేదు. చూసినట్టు చేశాను. అప్పుడు చెప్పాడు.

"యాసంగికి నేను చెయ్య. మిర్యాలగూడల మిల్లు పనికి మాట్లాడుకున్నం, నేను నర్సమ్మ."

"అదేందన్నా? నేను వద్దన్ననా?"

"వద్దనలే. సూద్దామన్నవ్ గద."

కోపంగా అనలేదు. నేను మరిచిపోయానేమో, గుర్తుచేద్దామన్నట్టు అన్నాడు.

ఈ ఊళ్ళో పొలమున్నవాడు కౌలుదారుతో 'సూద్దాం' అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. మా నాయన ఎవరినైనా మాన్పించాలంటే ఆ ఒక్క మాటే అనేవాడు. రెండోసారి అడిగినవాళ్ళు లేరు. దానికి ముందు రెండు నెలలు నేను రోజూ పోయి 'పైరు సూద్దామని' వచ్చానంటున్నాను. ఇంకెట్లా అర్థం చేసుకుంటాడు.

"ఆ రోజు నేను వేరే ధ్యాసల ఉన్నన్నా" అన్నాను. పాట అని చెప్పబోయాను. మిషన్ డ్రైవరు బీడీ కాలుస్తూ వింటున్నాడు. అతని ఫోన్‌లో నా పాటే మోగుతోంది. నోరు రాలేదు.

"మంచిది సారూ" అని ట్రాక్టరెక్కాడు.

నవంబర్ 26, బుధవారం

వాళ్ళ ఇంటికి తాళం. పిల్లవాడిని కూడా తీసుకుపోయారు, అక్కడి బడిలో వేస్తారట.

నవనీత ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

డిసెంబర్ 5, శుక్రవారం

మూడో పాట విడుదలైంది. బాగుందంటున్నారు. పసుపు బట్టల చరణం దగ్గర ఆడవాళ్ళు ఏడుస్తున్నారని చైతన్య చెప్పాడు. నేను పూర్తిగా వినలేకపోయాను. ఆ చరణం రాగానే నాకు పార పక్కన పెట్టి వచ్చి నిలబడ్డ మనిషి కనపడుతున్నాడు.

పొలం ఖాళీగా ఉంది. పోయి కూర్చున్నాను. పక్కన చప్పుడు చేసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. కావలసినంత నిశ్శబ్దం. కోసిన వరి కొయ్యకాళ్ళ వైపు చూసి చూసి లేచి వచ్చాను.

డిసెంబర్ 9, మంగళవారం

చైతన్య ఫోన్. ఎత్తలేదు.

డిసెంబర్ 14, ఆదివారం. మిర్యాలగూడ

అడుగుతూ అడుగుతూ మిల్లుల వెనక వీధిలో వాళ్ళ గది పట్టుకున్నాను. తలుపు మీద కాగితం నక్షత్రం వేలాడుతోంది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. దేవదాసన్న తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. నర్సమ్మ నన్ను చూసి భయపడింది. కుర్చీ లేదు, పక్క గది నుంచి అడిగి తెచ్చింది.

"యాసంగికి రా అన్నా. నువ్వే చెయ్యి. కావాలంటే కాగితం రాసిస్త" అన్నాను.

"గిప్పుడెట్లొస్తం సారూ. సేటుకు మాటిచ్చినం. పోరణ్ణి బడిల ఏసినం."

"నేను పైరు సూసుడుకు రాలేదన్నా. మీ మీద కావలికి రాలే."

"మరెందుకొచ్చినవ్?"

"కూసునుడుకు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నీళ్ళు పారుతుంటే గాడ కూసుంటేనే నాకు పాట తడుతది. కోదాడల గది తీసుకుంటే తట్టలే. పనిలేక కూసుంటున్న అని చెప్పుడుకు సిగ్గయింది."

నర్సమ్మే ముందు నవ్వింది. "అయ్యో తమ్మీ, గింతేనా? నేను చర్చిల ప్రార్థన గూడ పెట్టిచ్చిన, నీ మనసు మెత్తవడాలె అని. పాస్టరుకు నీ పేరు రాసిచ్చిన. ఇంటిపేరుతో."

దేవదాసన్న నవ్వలేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. బస్తాల గోనెకు అరచేతులు గీసుకుపోయి ఉన్నాయి.

"గా ముక్క ఆనాడే చెప్తే అయిపోతుండె గద సారూ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "నాకు గూడ గాడ కూసునుడే ఇష్టముండె."

అతనే చెప్పుకుంటూ పోయాడు.

"కౌలు చేస్తే మిగిలేదేమున్నది? కూలికి పోయినా గంతే వస్తది. కూలికి పోతే పొద్దుందాక ఎవడో ఒకడు నెత్తి మీద నిలవడి నడువు నడువు అంటడు. గాడ మడి నిండేదాక నన్ను ఎవ్వడేమనకపోతుండె. తువ్వాల ఏసుకొని కూసుందును. నువ్వొచ్చుడు మొదలువెట్టినంక బంద్ జేసిన. పొలమున్నాయన ముంగట ఊకె ఎట్ల కూసుంటరు? పని చేస్తలేడు అనుకోవా? చెక్కిన ఒడ్డే చెక్కిన."

"కూసుంటే నేనేమన్న అందునా?"

"కూసోమని అన్నవా?"

అనలేదు.

కూర్చొని ఏం ఆలోచించేవాడివన్నా అని అడిగాను. ఎందుకు అడిగానో. అతను కొంచెం ఆలోచించాడు.

"ఏముంటయ్. ఇల్లు కురుస్తున్నది, పైన రేకులెయ్యాలె. రేకులేస్తే ఎండాకాలం ఎట్ల అని. పోరడు పోలీసాయన అయినట్టు ఓసారి అనుకున్న. ఒక్కోసారి ఏం లేకుండె. గదే మంచిగుండె."

నర్సమ్మ చాయ్ ఇచ్చింది. తాగాను. దేవదాసన్న బస్టాండు దాకా వచ్చాడు. మిల్లులో కూర్చునే టైము దొరుకుతుందా అని అడగబోయి ఊరుకున్నాను. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చాడు. తమ్మీ అంటాడేమో అనుకున్నాను.

"మంచిది సారూ, పోయిరా" అన్నాడు.

డిసెంబర్ 15, సోమవారం

ఆగస్టు 17న రాసింది చదివాను. ఆ రోజు అతను కూర్చునే ఉన్నాడు. నాకు చోటిచ్చాడు. సెప్టెంబరులో ఆ మనిషికి కూర్చోవడం చేతకాదని రాశాను. రెండూ నా చేతిరాతే.

డిసెంబర్ 24, బుధవారం

నవనీత అడిగింది, పొలం ఎవరికిస్తవని. నేనే చేస్తానన్నాను. "మరి పాట?" అంది. ఏమో అన్నాను. "ఏమో అంటే వస్తదనా, రాదనా? నీ 'సూద్దాం' లెక్క గాదు గద" అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

చైతన్యకు ఫోన్ చేసి, వారానికొకటి నా వల్ల కాదని చెప్పాను. వచ్చినప్పుడు ఇస్తాను అన్నాను.

"వచ్చేదాకా ఛానల్‌కు తాళం వేసుకోమంటావా అన్నా?"

అతను ఇంకొకర్ని చూసుకున్నాడు. హుజూర్‌నగర్ పిల్లవాడట, రోజుకో పాట రాస్తాడట. మంచిదే. ఆ పిల్లవాడికి చెప్పాలనిపించింది, అప్పుడప్పుడు ఊరికే కూర్చోమని. ఫోన్ నంబరు అడగలేదు.

జనవరి 4, ఆదివారం

యాసంగి నీళ్ళు వదిలారు. పై మడికి మడవ తెరిచి తలెత్తేసరికి, గెట్టు అవతల ఫకీరా ఒడ్డు మీద మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నాడు. పక్క పొలం ఈసారి అతను కౌలుకు చేస్తున్నాడు. ఆ పొలం నాది కాదు, అతనికీ నాకూ ఏ లెక్కా లేదు. అయినా నన్ను చూడగానే లేచి పార అందుకున్నాడు.

"సలాం సారూ. గిప్పుడే జర నడుం నొస్తే కూసున్న."

"కూసో ఫకీరా. నేనేమంటున్న?"

"లేలే, పనున్నది."

చెక్కడం మొదలుపెట్టాడు. ఆ ఒడ్డు నున్నగా ఉంది. ఇంకోసారి కూర్చోమంటే ఇంకా గట్టిగా చెక్కుతాడు.

నా మడి నిండడానికి టైముంది. పార అక్కడే వదిలి, పాత మోటారు కొట్టం వెనక్కి పోయి గోడకు ఆనుకొని కూర్చున్నాను. అక్కడి నుంచి నీళ్ళు కనపడవు, ఫకీరాకు నేనూ కనపడను. పాట మాట ఏదీ తట్టలేదు. అవతల పార చప్పుడు కాసేపు వినపడింది, తర్వాత మెల్లగా పడింది, తర్వాత ఆగిపోయింది.

మడి నిండి పొర్లుతుంటుందని తెలుసు. లేవలేదు.